సంతలో చెస్ట్‌నట్ గింజలు, సీసాలో క్యాప్సూళ్ళు, ట్యూబులో పూత మందు: ఇవన్నీ ఒకే చెట్టువా?

నాగావళి_గట్టు (రాయగడ)
మా అత్తగారికి అరవై రెండేళ్ళు. ముప్ఫై ఏళ్ళ పాటు టిఫిన్ కొట్టులో పెనం ముందు నిలబడి దోసెలు పోసిన మనిషి. ఐదారేళ్ళుగా ఆవిడ రెండు పిక్కల మీదా నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బాయి. సాయంత్రమయ్యేసరికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడేటంత నీరు దిగుతుంది. హైదరాబాదులో ఉంటున్న మా మరిది పోయిన నెలలో "హార్స్ చెస్ట్‌నట్" అని రాసి ఉన్న క్యాప్సూళ్ళ సీసా ఒకటి, అదే పేరుతో ఒక పూత మందు ట్యూబు తెచ్చి ఇచ్చారు. అవి వాడాలా వద్దా అని మేము ఆలోచిస్తుండగానే, వారపు సంతలో మూలికలు అమ్మే ఒకాయన నిగనిగలాడే గోధుమరంగు గింజలు చూపించి, ఇవి కొండల నుంచి వచ్చిన చెస్ట్‌నట్ గింజలని, పచ్చిగా పొడి కొట్టి పూటకొక చెంచా తేనెతో తింటే నెల తిరిగేసరికి నరాలు లోపలికి పోతాయని చెప్పారట. అత్తగారు అరకిలో కొనుక్కొని వచ్చారు. ప్రస్తుతానికి ఆ పొట్లం బియ్యం డ్రమ్ము వెనుక దాచాను.

నా బాధ ఏమిటంటే, చెస్ట్‌నట్‌ను కాల్చుకొని తింటారని మా అమ్మాయి పాఠంలో ఉంది, షాంపూ సీసాల మీద కూడా అదే పేరు కనిపిస్తోంది, సీసా మీద మాత్రం తెలుగులో గాని ఒడియాలో గాని ఒక్క ముక్క లేదు. తినేదీ, పూసుకొనేదీ, మందుగా మింగేదీ ఒకే చెట్టు నుంచి వస్తాయా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

వంశధార_మాస్టారు (గుణుపురం)
ఒకే చెట్టు కాదమ్మా. ముందుగా ఆ పొట్లం ఎవరి చేతికీ అందని చోట పెట్టండి, తరువాత మిగిలినది చదవండి.

కాల్చుకొని తినే చెస్ట్‌నట్ శాస్త్రీయ నామం కాస్టానియా సటైవా. అది ఓక్ చెట్టు కుటుంబానికి చెందినది. మీ సీసా మీద ఉన్న హార్స్ చెస్ట్‌నట్ శాస్త్రీయ నామం ఎస్క్యులస్ హిప్పోకాస్టానమ్. దాని పుట్టిల్లు బాల్కన్ కొండలు, కుటుంబం సాపిండేసీ, అంటే మన పెరటి కుంకుడు చెట్టు కుటుంబం. గింజలు పైకి ఒకేలా కనిపించడం వల్ల పేరు కలిసిందే గాని, ఈ రెంటికీ చుట్టరికం లేదు. మొదటిది తిండి, రెండవది పచ్చిగా తింటే విషం.

గింజ చేతిలో ఉంటే గుర్తుపట్టడం కష్టం కాదు. తినే గింజకు ఒక కొన సూదిగా ఉండి, ఆ కొన మీద చిన్న కుచ్చు ఉంటుంది. ఒక పక్క తరచుగా బల్లపరుపుగా ఉంటుంది, ఎందుకంటే ముళ్ళపంది లాంటి ఒకే కాయలో రెండు మూడు గింజలు ఒత్తుకొని పెరుగుతాయి. హార్స్ చెస్ట్‌నట్ గింజ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, కొన ఉండదు, అడుగున పెద్ద తెల్లని మచ్చ ఉంటుంది. ఆకులు చూసే అవకాశం ఉంటే సందేహమే మిగలదు: తినే చెట్టుది అంచున రంపపు పళ్ళున్న పొడవాటి ఒంటి ఆకు, హార్స్ చెస్ట్‌నట్‌ది మన బూరుగు ఆకులాగా అరచేయి విప్పినట్టు అయిదు నుంచి ఏడు రేకులుగా ఉంటుంది.

నాగావళి_గట్టు (రాయగడ)
ఇప్పుడే పొట్లం విప్పి చూశాను. కొన లేదు. ఒక్కొక్క గింజకు అడుగున బొట్టుబిళ్ళ కంటే పెద్ద మచ్చ ఉంది. గుండె ఝల్లుమంది.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)
అమ్మా, ఆ గింజ పచ్చిగా తిన్న మనిషిని నేను. నాలుగేళ్ళ క్రితం ఒక జాతరలో ఇదే మాట చెప్పి నాకూ అమ్మారు, నావీ పిక్కల నరాలే. రెండు చెంచాలు తిన్నాను. చేదు నాలుక మీద నుంచి పోకముందే కడుపులో తిప్పడం మొదలైంది. ఆ రాత్రంతా వాంతులు, విరేచనాలు, తెల్లవారేసరికి కాళ్ళలో సత్తువ లేక గోడ పట్టుకొని నడిచాను. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, సమయానికి వచ్చావని చెప్పారు. దయచేసి మీ అత్తగారిని ఆ పొడి వైపు వెళ్ళనివ్వకండి.

బరంపురం_పట్టు (బరంపురం)
సిరొంచ సోదరుడికి జరిగినది విని బాధ కలిగింది. అయినా ఒక మాట అడగాలి. చెట్టు నుంచి వచ్చినది ఇంత హాని చేస్తే, అదే గింజ సారాన్ని సీసాలో పోసి అమ్మినప్పుడు మందు ఎలా అయింది? మా తాతల కాలంలో అడవి మందులన్నీ నేరుగానే వాడేవారు గదా.

మందులషాపు_జయపురం
ముప్ఫై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నవాడిగా దీనికి కొంచెం పొడుగ్గా జవాబు చెప్పవలసి ఉంది.

హార్స్ చెస్ట్‌నట్‌లో రెండు పదార్థాల గురించి తెలుసుకోవాలి. ఒకటి ఎసిన్. ఇది గింజలో ఉండే సాపోనిన్ల (కుంకుడులా నురుగు కట్టే పదార్థాల) సముదాయం, పని చేసే మందు ఇదే. సన్నని రక్తనాళాల గోడల నుంచి నీరు బయటకు ఊరకుండా బిగించడం, సిర (మనం ఉబ్బిన నరం అంటున్న రక్తనాళం) గోడను తినివేసే కొన్ని ఎంజైముల జోరు తగ్గించడం దీని పని. రెండవది ఎస్క్యులిన్. ఆకులో, బెరడులో, పచ్చి గింజలో ఉండే ఈ పదార్థాన్నే విష లక్షణాలకు ముఖ్య కారణంగా చెబుతారు. మంచి కంపెనీలు సారం తీసేటప్పుడు దీన్ని తొలగించి, ఎసిన్ వాటా 16 నుంచి 20 శాతం ఉండేలా ప్రమాణం కట్టి క్యాప్సూళ్ళు చేస్తాయి. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు పూటకు 300 మిల్లీగ్రాముల సారం చొప్పున రోజుకు రెండు పూటలు, అంటే రోజుకు సుమారు 100 మిల్లీగ్రాముల ఎసిన్. పచ్చి పొడి చెంచాలో ఎంత ఎసిన్ ఉందో, ఎంత విషం ఉందో అమ్మినవారికే తెలియదు.

బరంపురం వారు తాతల కాలం మాట ఎత్తారు గనుక విషపు ముష్టి గింజను గుర్తు చేస్తాను. మన వైద్యంలో అది మందే. కానీ ఏ వైద్యుడూ దాన్ని శుద్ధి చేయకుండా ఇవ్వలేదు. మీ గంజాం జీడితోటల్లో పనిచేసేవారిని అడిగినా, పైపెంకు నూనె చేతులను ఎలా కాలుస్తుందో, లోపలి పప్పు ఎంత కమ్మగా ఉంటుందో చెబుతారు. చెట్టు ఒకటే అయినా ఏ భాగం, ఏ విధంగా తీసినది అన్నదే మందుకూ విషానికీ మధ్య గీత.

బరంపురం_పట్టు (బరంపురం)
జీడిపెంకు ఉదాహరణ నాకు బాగా ఎక్కింది. మా అమ్మ చేతులు జీడిపిక్కలు ఒలిచి నల్లబడినవే. మాట వెనక్కు తీసుకుంటున్నాను.

మంచుకొండల_మాజీ (పర్లాకిమిడి)
సైన్యంలో ఉన్నప్పుడు ఉత్తరాఖండ్ కొండల్లో నేను ఈ చెట్టు తోబుట్టువును దగ్గరగా చూశాను. అక్కడివారు పాంగర్ అంటారు, కాశ్మీరులో హాన్‌దూన్ అంటారు. శాస్త్రీయ నామం ఎస్క్యులస్ ఇండికా. సంతల్లో తిరిగేవి ఎక్కువగా ఈ హిమాలయపు గింజలే అయి ఉంటాయని నా అభిప్రాయం, ఐరోపా నుంచి ఎవరూ సంచుల్లో తెచ్చి సంతలో పోయరు. ఒక తేడా గమనించండి: ఐరోపా చెట్టు కాయ మీద అక్కడక్కడా పొట్టి ముళ్ళుంటాయి, పాంగర్ కాయ మీద ముళ్ళుండవు.

పాంగర్ గింజ పిండిని కరువు రోజుల్లో కొండవారు తిన్న మాట నిజమే. అయితే చేదు విరిగేవరకు పదే పదే నీళ్ళు మార్చి నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, గోధుమ పిండిలో కలుపుకొనేవారు. గుర్రాలకు కడుపునొప్పి వస్తే కూడా ఈ గింజ ఇచ్చేవారని మా దళంలోని కొండ యువకుడు చెప్పాడు. మరి పేరులో హార్స్ ఎందుకు వచ్చిందో మాస్టారు చెప్పాలి.

వంశధార_మాస్టారు (గుణుపురం)
తుర్కులు దగ్గుతో బాధపడే గుర్రాలకు ఈ గింజ పెట్టేవారని, పేరు అలా వచ్చిందని చెబుతారు. ఆకు రాలినచోట కొమ్మ మీద పడే మచ్చ మేకులతో సహా గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, పిల్లలకు చూపించవలసిన వింత అది. గుర్రానికి ఇచ్చారు గనుక మనిషికీ మంచిదని మాత్రం ఎవరూ అనుకోరాదు.

దెగ్లూరు_కోడలు (నాందేడ్ జిల్లా)
ఈ చర్చలో మూడవ చెస్ట్‌నట్‌ను కూడా కలపాలి, లేకపోతే మా వైపు వారు పొరబడతారు. మేము ఉపవాసానికి వాడే శింగాడా పిండి సంచి మీద వాటర్ చెస్ట్‌నట్ అని రాసి ఉంటుంది. అది చెట్టు కాదు, చెరువులో తేలే మొక్క. విదర్భ చెరువుల్లో దీన్ని సాగు చేస్తారు, ఒడిశా వారు పాణిసింగడా అంటారు. తినడానికి పూర్తిగా మంచిది, కానీ నరాల ఉబ్బుకూ దీనికీ సంబంధం లేదు. మా ఆడపడుచు ఒకావిడ చెస్ట్‌నట్ నరాలకు మంచిదని ఎక్కడో విని, మూడు నెలలు శింగాడా రొట్టెలు తిని, ఏమీ తగ్గలేదని నిరాశపడింది. అలా పోయిన మూడు నెలల గురించే నా విచారం.

కోరాపుట్_సిస్టర్
దెగ్లూరు వారికి ఒక చేర్పు: చెరువు నుంచి తీసిన పచ్చి కాయలను పంటితో ఒలవకండి. తొక్క మీద పేగు పురుగుల దశలు అంటుకొని ఉండే అవకాశం ఉంది. కడిగి ఉడికిస్తే ఆ భయం లేదు.

ఇక అసలు విషయం. నాగావళి గారూ, అత్తగారు ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు?

నాగావళి_గట్టు (రాయగడ)
పదేళ్ళుగా చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకుంటున్నారు. రెండేళ్ళ క్రితం గుండె పరీక్ష చేయించాక రోజుకొక చిన్న ఆస్పిరిన్ మాత్ర కూడా రాశారు.

కోరాపుట్_సిస్టర్
అయితే మీ మరిది గారు తెచ్చిన క్యాప్సూళ్ళు కూడా వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకండి. ఈ సారం ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచే అవకాశం ఉంది, చక్కెరను మరికొంత దించే అవకాశమూ ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే వాడరాదు.

మరొక హెచ్చరిక కూడా. వాపు రెండు కాళ్ళకూ సమంగా, సాయంత్రానికి పెరిగి రాత్రికి తగ్గేదైతే తీరిగ్గా వైద్యం చేయించుకోవచ్చు. ఒక్క కాలే ఉన్నట్టుండి ఉబ్బి, వేడిగా, ఎర్రగా మారి, పిక్క పట్టేసినట్టు నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పూతలు పూస్తూ, పిక్క మర్దన చేస్తూ కూర్చోరాదు.

మిల్లుకాలనీ (బల్లార్‌పూర్)
ఇన్ని జాగ్రత్తలున్న మందు నిజంగా పనిచేస్తుందా, లేక ప్రచారమేనా? ఇరవై ఏళ్ళు మిల్లులో నిలబడి పనిచేశాక మా నాన్నగారికి బిగుతు మేజోళ్ళే దిక్కయ్యాయి. నాకు వాటి మీదే నమ్మకం.

మందులషాపు_జయపురం
ప్రచారం మాత్రమే కాదు. 1996లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయిన అధ్యయనంలో 240 మందిని మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు బిగుతు మేజోళ్ళు, ఒక జట్టుకు ఈ సారం, ఇంకొక జట్టుకు ఉత్తుత్తి మాత్రలు 12 వారాలు ఇచ్చి చూశారు. మేజోళ్ళతో మోకాలి కింది భాగం పరిమాణం సగటున 47 మిల్లీలీటర్ల దాకా, సారంతో 44 దాకా తగ్గింది, ఉత్తుత్తి మాత్రల వారికి తగ్గకపోగా కొంచెం పెరిగింది. 2012లో, వైద్య పరిశోధనలను పోగుచేసి తూచి చూసే కోక్రేన్ సంస్థ వారు 17 అధ్యయనాలను పరిశీలించి, కాలి నొప్పి, వాపు, దురదలకు స్వల్పకాలంలో ఇది మేలు చేస్తున్నట్టు ఉందని రాశారు. జర్మనీలో వైద్యులు దీన్ని చాలా కాలంగా రాస్తున్నారు.

కానీ రెండు సంగతులు మనసులో పెట్టుకోవాలి. వాపు, బరువు, దురద తగ్గుతాయే గాని, ఒకసారి మెలికలు తిరిగి ఉబ్బిన సిర మళ్ళీ సన్నబడదు. నెలలో నరాలు లోపలికి పోతాయన్న మాట సంతలో చెప్పినా, పెద్ద షాపులో చెప్పినా అబద్ధమే. రెండవది, ఈ ఫలితాలన్నీ ప్రమాణం కట్టిన సారంతో వచ్చినవి. మీ సీసా మీద ఎసిన్ శాతం లేకపోతే అందులో ఏముందో ఎవరూ చెప్పలేరు.

మిల్లుకాలనీ (బల్లార్‌పూర్)
మూడు మిల్లీలీటర్ల తేడాకు రోజూ మాత్ర మింగడం కంటే మేజోడు తొడుక్కోవడమే మేలని నేను ఇప్పటికీ అంటాను.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)
మే నెలలో మా సిరొంచకు వచ్చి మోకాలి దాకా ఆ మేజోడు తొడుక్కొని ఒక్క మధ్యాహ్నం ఉండండి అన్నా. ఎండకు దురద పుట్టి, నేను పదింటికల్లా తీసేసేవాడిని. మాత్రకు చోటు ఉన్నది మాలాంటివారికే. అయితే అది వైద్యుడి చేతి మీదుగా రావాలని ఇప్పుడు తెలిసింది.

గజపతి_అప్ప (కాశీనగర్)
పూత మందు సంగతి ఎవరూ చెప్పలేదు. మా చెల్లెలు కళ్ళ కింద ఉబ్బుకు చెస్ట్‌నట్ జెల్ రాస్తోంది, తగ్గిందని కూడా అంటోంది. షాంపూలో ఇది ఎందుకు కలుపుతారు?

వంశధార_మాస్టారు (గుణుపురం)
షాంపూకు కారణం కుంకుడుకు కారణమే. హార్స్ చెస్ట్‌నట్ గింజను ముక్కలు కోసి వేడినీళ్ళలో వేస్తే నురుగు కడుతుంది, ఐరోపా పల్లెల్లో దానితో బట్టలుతికేవారు. రెండింటిలోనూ ఉన్నవి సాపోనిన్లే. అలాగని కుంకుడు రసం తాగితే నరాలు తగ్గుతాయని ఎవరైనా అనుకుంటే అది ప్రమాదం. ఒకే కుటుంబం అయినంత మాత్రాన ఒకే మందు కాదు, మనం ఇష్టంగా తినే లీచీ పండు కూడా ఈ కుటుంబానిదే.

చర్మానికి వస్తే, ఎసిన్ ఉన్న జెల్‌ను దెబ్బ తగిలి కమిలిన చోట, బెణుకు వాపు మీద ఐరోపాలో వాడతారు. కంటి కింద ఉబ్బుకూ, బుగ్గల ఎరుపుకూ సౌందర్య లేపనాల్లో కలపడం కూడా వాపు తగ్గించే ఈ గుణాన్ని నమ్ముకొనే. బెరడులోని ఎస్క్యులిన్ అతినీల లోహిత కిరణాలను పీల్చుకుంటుంది. చీకట్లో ఆ కిరణాలు పడేలా చేసి, నీళ్ళలో కొమ్మ ముక్క వేస్తే నీలి వెలుగు పొగలా దిగడం కనిపిస్తుంది. ఎండ నుంచి కాపాడే తొలినాటి లేపనాల్లో ఈ పదార్థాన్ని వాడటానికి కారణం అదే.

తినే చెస్ట్‌నట్‌కు కూడా సౌందర్య చరిత్ర ఉంది. దాని ఆకులు, కాయ తొక్కలు మరిగించిన నీటితో తల కడిగితే జుట్టుకు బంగారు మెరుపు వస్తుందని ఐరోపాలో వాడేవారు. కొరియాలో గింజ లోపలి వగరు పొరను మెత్తగా పొడి చేసి, మనం శనగపిండి పట్టు వేసినట్టు ముఖానికి వేస్తారు. దక్షిణ ఇటలీ పల్లెవారు ఆకు కషాయంతో చర్మపు మంటను కడుక్కొనే అలవాటు చూసి, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వారు ఆ ఆకును పరీక్షించారు. మందులకు లొంగని, చర్మానికి పుండ్లు తెచ్చే స్టాఫ్ బాక్టీరియాను ఆకు సారం చంపడం లేదు గాని, అవి ఒకదానికొకటి పంపుకొనే సంకేతాలను అడ్డుకొని విషం చిమ్మకుండా ఆపుతోందని 2015లో ప్రకటించారు. పల్లె ఇల్లాలి చేతి కషాయం వెనుక ఇంత సంగతి ఉందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

కోరాపుట్_సిస్టర్
గజపతి అప్ప గారూ, చెల్లెలికి రెండు మాటలు చెప్పండి. జెల్ కంట్లో పడకూడదు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. పుండ్లు, చిట్లిన చర్మం మీద రాయరాదు. కొత్త ట్యూబు ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడటం మంచిది. రబ్బరు గ్లవ్స్ పడనివారికి తినే చెస్ట్‌నట్ కూడా పడకపోవచ్చు. అరటి, కివి, అవకాడో కూడా ఆ వరుసలోనివే. నాతో పనిచేసే ఒకావిడకు పెదవులు వాచి ఊపిరి బిగుసుకుపోయింది.

దెగ్లూరు_కోడలు (నాందేడ్ జిల్లా)
తినే చెస్ట్‌నట్ రుచి ఎలా ఉంటుందో ఎవరైనా చెబుతారా?

మంచుకొండల_మాజీ (పర్లాకిమిడి)
పనసగింజ నిప్పుల మీద కాల్చినట్టు ఉంటుంది, దానికి కాస్త తీపి కలపండి. జీడిపప్పులా నూనె ఉండదు, అంతా పిండే. కాల్చే ముందు గాటు పెట్టకపోతే పేలుతుంది, మన పనసగింజ లాగానే.

నాగావళి_గట్టు (రాయగడ)
మూడు రోజుల తరువాత రాస్తున్నాను. అత్తగారిని కూర్చోబెట్టి సిరొంచ అన్నయ్య రాసినది గట్టిగా చదివి వినిపించాను. గింజలు పారేయడానికి ఆవిడే ఒప్పుకున్నారు. పశువుల నోట పడకుండా లోతుగా గొయ్యి తీసి కప్పేశాం. వైద్యుడు క్యాప్సూళ్ళ సీసా చూసి, ఎసిన్ శాతం రాసి లేదు గనుక వద్దన్నారు, ఆస్పిరిన్ ఆపకూడదని చెప్పారు. పాదాల్లో నాడి చూసి, రక్తం బాగానే అందుతోంది గనుక మోకాలి దాకా మేజోళ్ళు వేసుకోవచ్చన్నారు. పని మధ్యలో గంటకొకసారి కాళ్ళు ఎత్తి పెట్టుకోమన్నారు. పూత మందు వాడటానికి అభ్యంతరం లేదన్నారు. మేజోళ్ళు తేవడానికి కొలతలు కావాలట. అవి ఎప్పుడు, ఎలా తీయాలి?

కోరాపుట్_సిస్టర్
నాడి చూసి చెప్పడం మంచి పని చేశారు; చక్కెర ఉన్నవారికి అది చూడకుండా మేజోళ్ళు తొడగరాదు. కొలత తెల్లవారుజామున, ఆవిడ మంచం దిగకముందే తీయండి, అప్పటికి వాపు దిగి ఉంటుంది. చీలమండ పైన కాలు అన్నిటికంటే సన్నగా ఉన్నచోట ఒక చుట్టుకొలత, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట ఒకటి, మోకాలి మడత నుంచి మడమ దాకా పొడవు ఒకటి. రెండు కాళ్ళకూ వేరువేరుగా రాసుకోండి, అవి సమానంగా ఉండవు.

నాగావళి_గట్టు (రాయగడ)
కుట్టుమిషను డ్రాయరులోని టేపు ఆవిడ దిండు పక్కన పెట్టాను. రేపు అయిదింటికి లేచి తీస్తాను.